సొంత అరల నుంచి ఉమ్మడి చందా దాకా: విశాఖలో విశ్వవిద్యాలయ విజ్ఞానశాస్త్ర గ్రంథాలయం

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో విజ్ఞానశాస్త్ర భాగం అంటే ప్రధానంగా పరిశోధన పత్రికల భాగమే. సాహిత్యం, చరిత్ర చదివేవారికి యాభై ఏళ్ల నాటి పుస్తకం ఈనాటి పుస్తకమంతగానూ పనికొస్తుంది కానీ, రసాయన శాస్త్రంలోనో సముద్ర విజ్ఞానంలోనో పనిచేసే పరిశోధకుడికి నిరుడు అచ్చయిన వ్యాసం అందకపోతే, తాను తలపెట్టిన పని వేరొకరు ముందే ముగించారో లేదో కూడా తెలియదు. అందుకే గ్రంథాలయాల బడ్జెట్లలో, పద్ధతుల్లో ఏ మార్పు వచ్చినా మొట్టమొదట తగిలేది విజ్ఞానశాస్త్ర సేకరణలకే. విశాఖ వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్రను ఈ కోణం నుంచి చూస్తే ఒక పెద్ద మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. పత్రికలను కొని, కట్టించి, అరల్లో నిలబెట్టడం ఒకప్పుడు గ్రంథాలయం ప్రధాన బాధ్యతగా ఉండేది. ఇప్పుడా కొనుగోలు బాధ్యత చాలావరకు కేంద్ర ప్రభుత్వానికి మారిపోయింది. అలా మారడం వల్ల గ్రంథాలయానికి పని తగ్గిందన్న అభిప్రాయం వ్యాపించింది గానీ, నిజానికి తగ్గింది కొనే పని ఒక్కటే. మరెక్కడా దొరకని దాన్ని భద్రపరచడం, ఉన్నదాన్ని వెతికిపెట్టడం, అర్థం చేసుకోవడానికి తోడ్పడడం అనే మూడు పనులూ మునుపటికంటే పెరిగాయి, వాటికి తగిన నిధులూ మనుషులూ మాత్రం ఇంకా సమకూరలేదు.

1926లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో బెజవాడ కేంద్రంగా మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు మారింది. కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షులు కాగా, ఆయన తర్వాత 1931లో ఆ పదవికి వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ కాలంలో విజ్ఞానశాస్త్ర శాఖలు ఊపందుకున్నాయి. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా ఇచ్చిన లక్ష రూపాయల విరాళం వాటికి ఊపిరి పోసింది. విజ్ఞానశాస్త్ర, సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టారు. భౌతికశాస్త్రానికి సూరి భగవంతం, రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి వంటి యువ ఆచార్యులు వచ్చి చేరారు. వాల్తేరు అటు మద్రాసుకూ ఇటు కలకత్తాకూ ఇంచుమించు సమాన దూరంలో, రెండింటికీ ఒక రాత్రి పైబడిన రైలు ప్రయాణంలో ఉండడం గ్రంథాలయ చరిత్రలో చిన్న విషయం కాదు. పొరుగున అరువు అడగడానికి పెద్ద విజ్ఞానశాస్త్ర గ్రంథాలయం ఏదీ లేని చోట, ప్రయోగశాలకు కావలసిన ప్రతి పత్రికనూ విశ్వవిద్యాలయమే సొంతంగా తెప్పించుకోక తప్పలేదు. రేవు 1933లో ప్రారంభమైన నాటికి ఇంకా చిన్నపట్టణంగానే ఉన్న విశాఖలో ఇంత విస్తారమైన సేకరణ పెరగడానికి మూలకారణం ఈ ఒంటరితనమే.

ఇప్పుడు డాక్టర్ వి.ఎస్. కృష్ణ పేరుతో ఉన్న కేంద్ర గ్రంథాలయానికీ, దానికి అనుబంధంగా శాఖల వద్ద పెరిగిన గ్రంథాలయాలకూ ఈ పేరు తగినదే. 1949 నుంచి 1961 వరకు ఉపాధ్యక్షులుగా ఉన్న కృష్ణ హయాంలోనే విజ్ఞానశాస్త్ర విభాగాలు విస్తరించాయి. ఇలాంటి గ్రంథాలయాలకు సేకరణలు మూడు దారుల్లో చేరేవి. మొదటిది కొనుగోలు, రెండవది విరాళం. మూడవదైన వినిమయం గురించి ఈ తరానికి అంతగా తెలియదు: ఒక విశ్వవిద్యాలయం తాను అచ్చువేసిన గ్రంథాలనూ సంచికలనూ విదేశీ సంస్థలకు పంపి, బదులుగా వాటి ప్రచురణలను తెప్పించుకునే ఏర్పాటది. డాలర్లు, పౌండ్లు చేతిలో లేని సంస్థకు సొంత ప్రచురణే విదేశీ మారకద్రవ్యం. భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి భౌతికశాస్త్ర సమస్యలకు సమూహ సిద్ధాంతాన్ని అన్వయిస్తూ రాసిన గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించింది. 1950లలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ అతిథి ఆచార్యులుగా వచ్చి పనిచేసిన ఫలితంగా బంగాళాఖాతం మీద వెలువడిన సముద్ర విజ్ఞాన సంపుటాలూ అటువంటివే. ఇదే దశకంలో ఇంకో దారి కూడా తెరుచుకుంది. 1951లో భారతదేశానికి అమెరికా ఇచ్చిన గోధుమల అప్పు మీద వచ్చే వడ్డీలో కొంత భాగాన్ని, యాభై లక్షల డాలర్ల మేరకు, ఇక్కడి ఉన్నత విద్యాసంస్థలకు పుస్తకాలు, పరికరాలు సమకూర్చడానికీ, విద్వాంసుల రాకపోకలకూ కేటాయించారు.

ఈ పెరుగుదల నడుమ ఒక పెద్ద అంతరాయం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన తర్వాత వాల్తేరు ప్రాంగణం సైన్యం అధీనంలోకి వెళ్లగా, విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. మళ్లీ సొంతచోటుకు చేరింది యుద్ధం ముగిశాకే. యుద్ధకాలంలో విదేశీ పత్రికలు సక్రమంగా రాకపోవడం దేశమంతటా ఉన్న సమస్య. నాటి పత్రికల వరుసల్లో పడిన ఖాళీలను తర్వాత పూరించడానికి గ్రంథాలయాలు ఎంతో శ్రమపడవలసి వచ్చింది. పత్రికల విషయంలో వరుస తెగితే సగం విలువ పోయినట్టే, ఎందుకంటే పరిశోధకుడికి కావలసిన వ్యాసం ఆ లేని సంచికలోనే ఉండవచ్చు.

నాటి సేవ ఎలా సాగేదో ఒక ఉదాహరణతో దగ్గరగా చూడవలసి ఉంది. మొక్కల నుంచి ఒక కొత్త రంగుపదార్థాన్ని వేరుచేశానని భావించిన రసాయనశాస్త్ర విద్యార్థి (శేషాద్రి శిష్యులు చేసిన పని ఇదే తరహాది) మొదట తెలుసుకోవలసింది అది నిజంగా కొత్తదేనా అన్నది. అందుకు ఆధారం అమెరికన్ కెమికల్ సొసైటీ 1907 నుంచి ప్రచురించిన ‘కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్’. లోకంలో అచ్చయ్యే రసాయనశాస్త్ర వ్యాసాలన్నిటికీ నాలుగైదు వాక్యాల సారాంశాలను వరుస సంఖ్యలతో ఇచ్చే సంచికలవి. వాటికి రచయితల సూచిక, విషయ సూచిక, అణుసూత్రాల సూచిక విడివిడిగా ఉండేవి. విద్యార్థి కర్బన, ఉదజని, ప్రాణవాయువుల పరమాణు సంఖ్యలను బట్టి సూత్రాన్ని కట్టుకుని, సంవత్సరం తర్వాత సంవత్సరం సూత్రసూచికలు తిరగేసి, దొరికిన సంఖ్యలను కాగితం మీద రాసుకుని, తిరిగి సారాంశ సంపుటాల దగ్గరకు వెళ్లి ఒక్కొక్కటీ చూసేవాడు. అంతకు ముందు కాలపు సమాచారం కావాలంటే జర్మన్ భాషలో ఉన్న బైల్‌స్టైన్ బృహత్ సంపుటాలను ఆశ్రయించాలి. అందుకే రసాయనశాస్త్ర పరిశోధకులు శాస్త్ర జర్మన్ నేర్చుకోవలసి వచ్చేది. సారాంశం దొరికాక అసలు వ్యాసం కావాలి. ఆ పత్రిక గ్రంథాలయంలో ఉంటే సరే. లేకపోతే వ్యాసప్రతి పంపమని కోరుతూ రచయితకు అచ్చుకార్డు రాయాలి, లేదా 1952లో ఢిల్లీలో ఏర్పడిన జాతీయ శాస్త్ర సమాచార కేంద్రం ఇన్‌స్‌డాక్‌కు రుసుము కట్టి ఫొటోప్రతి తెప్పించుకోవాలి. ఏ పత్రిక ఏ ఊరి గ్రంథాలయంలో ఉందో చెప్పే జాతీయ ఉమ్మడి పట్టికను తయారుచేసిందీ ఆ సంస్థే. ఇదంతా వారాలు, ఒక్కోసారి నెలలు పట్టేది.

ఈ మొత్తం పనిలో గ్రంథాలయ ఉద్యోగి పాత్ర ఏమిటన్నది ఈనాటి చర్చల్లో మరుగున పడుతోంది. ఏ సూచిక ఏ ఏడాదితో మొదలవుతుందో, ఏ పత్రిక పేరు ఎప్పుడు మారిందో, సంక్షిప్త నామం వెనుక ఉన్న పూర్తి పేరేమిటో తెలిసిన అనుభవజ్ఞుడు పక్కన ఉంటే రెండు రోజుల పని రెండు గంటల్లో తెమిలేది. కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ అచ్చు సంచికలు 2010 నుంచి ఆగిపోయాయి. కంప్యూటరు మీద అణునిర్మాణాన్ని గీస్తే చాలు, జవాబు క్షణాల్లో వస్తుంది. కానీ ఆ సమాచారనిధికి ప్రవేశం డబ్బుతో ముడిపడింది, పైగా ప్రశ్నను సరిగ్గా వేయడం నేర్పేవారు లేకపోతే వచ్చిన వందల ఫలితాల్లో అసలైనది ఏదో తేలదు.

అచ్చుపత్రిక మరో రకం శ్రమను కూడా కోరేది. ఏడాది పొడవునా విడివిడిగా వచ్చిన సంచికలను వరుసలో పెట్టి, చివర వచ్చే శీర్షిక పుటనూ సూచికనూ కలిపి, ప్రకటనల కాగితాలు తొలగించి, బైండింగుకు పంపేవారు. అట్టకు గుడ్డ అంటించి, వీపు మీద పత్రిక పేరు, సంపుటి సంఖ్య, సంవత్సరం బంగారు అక్షరాల్లో అద్ది, అక్సెషన్ రిజిస్టరులో సంఖ్య వేసి, ముద్ర కొట్టి అరకెక్కించేవారు. ఒక్క సంచిక తపాలాలో పోయినా ఆ ఏటి బైండింగు ఆగిపోయేది. సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లో ఈ సంపుటాలకు గాలే శత్రువు. ఉప్పుతేమకు సంచికల పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి, వానాకాలంలో అట్టల మీద బూజు పడుతుంది, ఎక్కడ చెమ్మ చేరితే అక్కడికి చెదలు వస్తాయి. కలరా ఉండలు, వేపాకు, ఎండపొడ ఇవన్నీ ఉపశమనాలే తప్ప నివారణలు కావు. నిలకడగా ఉండే చల్లదనమూ పొడిగాలీ మాత్రమే కాగితానికి దీర్ఘాయువునిస్తాయి, అవి ఖర్చుతో కూడినవి.

సొంత సేకరణ అన్న ఆదర్శాన్ని దెబ్బతీసింది కంప్యూటరు కాదు, ధర. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించినప్పుడు డాలరు 4.76 రూపాయల నుంచి 7.50 రూపాయలకు చేరింది. అంటే నూరు డాలర్ల పత్రిక చందా ఒక్క రాత్రిలో 476 నుంచి 750 రూపాయలైంది, గ్రంథాలయ కేటాయింపు మాత్రం ఆ రాత్రి పెరగలేదు. 1991 జులైలో రెండు విడతలుగా మరోసారి అదే జరిగింది. వీటి మధ్యలోనూ ఆ తర్వాతా శాస్త్ర పత్రికల ధరలు ద్రవ్యోల్బణాన్ని మించి పెరుగుతూనే వచ్చాయి. పరిశోధకులు జీతం లేకుండా రాసి, జీతం లేకుండా పరస్పరం సమీక్షించి ఇచ్చిన వ్యాసాలను, కొద్దిమంది పెద్ద ప్రచురణకర్తలు అదే విశ్వవిద్యాలయాలకు అమ్మడంలో ఉన్న అన్యాయం గురించి ప్రపంచమంతటా చర్చ నడిచింది. సంపన్నమైన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమే 2019లో ఎల్సెవియర్ ప్రచురణ సంస్థ చందాలను వదులుకుని, రెండేళ్ల బేరసారాల తర్వాత 2021లో గానీ కొత్త ఒప్పందానికి రాలేకపోయింది. అంతటి సంస్థకే భారమైనది రాష్ట్ర ప్రభుత్వ గ్రాంటు మీద నడిచే భారతీయ విశ్వవిద్యాలయానికి ఎంత భారమో వేరే చెప్పనక్కరలేదు. ఏటా చందాల జాబితా ముందు పెట్టుకుని ఏ శాఖ ఏ పత్రికను వదులుకోవాలో తేల్చడం దేశమంతటా గ్రంథాలయ సంఘాలకు అలవాటైన బాధగా మారింది.

ఈ బాధకు జవాబుగా ఉమ్మడి చందా పద్ధతి వచ్చింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 1991లో ఒక ప్రాజెక్టుగా మొదలుపెట్టిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ 1996లో స్వతంత్ర కేంద్రమై గుజరాత్ నుంచి పనిచేస్తోంది. యూజీసీ తరఫున ఈ కేంద్రం ప్రచురణకర్తలతో బేరమాడి, 2004 నుంచి విశ్వవిద్యాలయాలకు ఎలక్ట్రానిక్ పత్రికలను అందించసాగింది. 2015 డిసెంబరులో ఇలాంటి మూడు ఏర్పాట్లను కలిపి ఈ-శోధ్‌సింధు అన్నారు. ఇందులో చందాదారు గ్రంథాలయ భవనం కాదు, ప్రాంగణపు కంప్యూటరు చిరునామా: ప్రాంగణంలోని యంత్రం అడిగితే తలుపు తెరుచుకుంటుంది, బయటి నుంచి అడిగితే మూసుకుంటుంది. సెలవుల్లో ఇంటికెళ్లిన విద్యార్థికీ, క్షేత్రపరిశోధన కోసం భీమిలిలోనో అరకులోనో ఉన్నవాడికీ ఈ తలుపు మూసే ఉండేది. విశ్వవిద్యాలయ గుర్తింపు సంఖ్యతో ఎక్కడి నుంచైనా ప్రవేశించే ఏర్పాటును ఇన్‌ఫ్లిబ్‌నెట్ ‘ఇన్‌ఫెడ్’ పేరుతో తెచ్చింది, దాని అవసరం ఎంతటిదో 2020 నాటి కొవిడ్ మూతలే చాటి చెప్పాయి.

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం ఈ క్రమంలో చివరి, అతిపెద్ద అడుగు. 2025, 2026, 2027 మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలను 6,300 పైచిలుకు ప్రభుత్వ సంస్థలకు, దగ్గరదగ్గర 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. లెక్కవేస్తే ఒక్కో సంస్థకు ఏడాదికి సగటున 30 లక్షల రూపాయల పైచిలుకు పడుతుంది. పాడేరు, నర్సీపట్నం వంటి చోట్ల ఉండే ప్రభుత్వ డిగ్రీ కళాశాల అధ్యాపకుడు వాల్తేరులోని ఆచార్యుడితో సమానంగా అవే పత్రికలు చదవగలగడం తొంభై ఏళ్ల చరిత్రలో ఎన్నడూ లేని సంగతి. ఇంతటి మేలును తక్కువ చేసి చూడడం న్యాయం కాదు.

అయితే ఈ పథకం పరిమితులను కూడా అంతే సూటిగా చూడాలి. ఇది పత్రికలకు సంబంధించిన పథకం, పాఠ్యపుస్తకాల అవసరం అలాగే ఉంది. తొలిదశలో ఇది ప్రభుత్వ సంస్థలకే పరిమితం. విశాఖలో విద్యార్థులు పెద్ద సంఖ్యలో చదువుతున్న ప్రైవేటు కళాశాలలూ విశ్వవిద్యాలయాలూ దీని బయటే ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న 2027 తర్వాతి సంగతి. అచ్చు సంపుటానికి చందా ఆపేసినా పాత సంపుటాలు అరలోనే ఉంటాయి. ఎలక్ట్రానిక్ చందా ఆగిపోతే, ఒప్పందంలో శాశ్వత హక్కు రాసుకోని పక్షంలో, నిన్నటి దాకా చదివినది కూడా రేపు కనిపించదు. శాశ్వత హక్కు అంటే డబ్బు చెల్లించిన సంవత్సరాల సంచికలను చందా ముగిశాక కూడా చదువుకునే అధికారం. ఇది ఒక్కొక్క విశ్వవిద్యాలయం చేతిలో లేదు కనుక, కేంద్రం చేసే తదుపరి బేరంలో మొదటి షరతుగా ఉండాలని విశ్వవిద్యాలయాలు కలిసికట్టుగా అడగాలి.

ఎవరికీ డబ్బు కట్టకుండా చదవగల శాస్త్ర సాహిత్యం కూడా ఈ మధ్యకాలంలో బాగా పెరిగింది. భౌతికశాస్త్రంలో 1991 నుంచి నడుస్తున్న ఆర్కైవ్ ముందస్తు ప్రతుల నిధి, బెంగళూరు నుంచి వెలువడే కరెంట్ సైన్స్, జాతీయ శాస్త్ర సమాచార సంస్థ ఉచితంగా ఉంచిన సముద్ర విజ్ఞాన పత్రిక వంటివి విశాఖ పరిశోధకులకు నేరుగా పనికొచ్చేవి. వీటికి చందా లేదు గనుక చందాల జాబితాలోనూ ఉండవు. జాబితాలో లేనిదాన్ని విద్యార్థికి ఎవరో ఒకరు చూపించాలి.

ఇదే సమయంలో గ్రంథాలయానికి కొత్త బాధ్యతలు వచ్చి చేరాయి. పరిశోధన గ్రంథాలను ఎలక్ట్రానిక్ రూపంలో కూడా సమర్పించాలని 2009 నాటి యూజీసీ నిబంధనలు చెప్పడంతో ‘శోధ్‌గంగ’ అనే జాతీయ నిధి ఏర్పడింది. ఒకప్పుడు ఒకటి రెండు ప్రతులుగా బీరువాలో ఉండిపోయే సిద్ధాంత వ్యాసాన్ని ఇప్పుడు ప్రపంచంలో ఎవరైనా చదవవచ్చు. 2018 నిబంధనల ప్రకారం గ్రంథచౌర్య పరీక్ష తప్పనిసరైంది. 2019లో వచ్చిన ‘శోధ్‌శుద్ధి’ ద్వారా ఆ పరీక్షకు కావలసిన సాఫ్ట్‌వేరు అందింది. నిబంధనల ప్రకారం సరిపోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు, 10 నుంచి 40, 40 నుంచి 60, ఆపైన అంటూ అంచెలున్నాయి. దీనివల్ల అనేకచోట్ల గ్రంథాలయం వద్దకు పరిశోధకుడు వచ్చే ముఖ్యకారణం ఆ శాతం ధ్రువపత్రమే అయిపోయింది. యంత్రం పదాల పోలికను కొలుస్తుంది గానీ ఆలోచన దొంగతనాన్ని కొలవలేదు. తొమ్మిది శాతం వచ్చిన వ్యాసం నిజాయితీ గలదనీ, పన్నెండు వచ్చినది కాదనీ తీర్పు చెప్పడం గ్రంథాలయ వృత్తికి తగిన పని కాదు. ఉదహరించడం ఎలాగో మొదటి ఏడాదే నేర్పే తరగతులకు ఆ సమయాన్ని వెచ్చిస్తే ఫలితం ఎక్కువ.

చదువుగదుల తీరు కూడా మారింది. పత్రికలు తెర మీదకు వెళ్లిపోవడంతో ఖాళీ అయిన బల్లల దగ్గర నెట్, గేట్, గ్రూపు పరీక్షలకు తయారయ్యే యువత తమ పుస్తకాలు తామే తెచ్చుకుని పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుంటున్నారు. ఇది గ్రంథాలయ ప్రయోజనం కాదని విసుక్కునేవారున్నారు. ఇరుకింట్లోనో కిక్కిరిసిన హాస్టల్ గదిలోనో చదువుకోలేని ఉత్తరాంధ్ర విద్యార్థికి దీపమూ పంకా బల్లా నిశ్శబ్దమూ ఇచ్చే చోటు ఊళ్లో మరొకటి లేనప్పుడు, ఆ చోటు ఇవ్వడం కూడా సేవే. పరిశోధకులకు వేరే గది కేటాయించి ఇద్దరినీ నిలుపుకోవాలి తప్ప ఒకరి కోసం మరొకరిని బయటికి పంపకూడదు.

నగరానికి గ్రంథాలయం చేయవలసిన సేవ గురించి ఇంకా ఆలోచనే మొదలుకాలేదు. రేవు, చమురుశుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం, ఎరువులు, రసాయనాల పరిశ్రమలు ఇళ్ల పక్కనే ఉన్న ఊరు ఇది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోయినప్పుడు, మిగిలినవారి ప్రశ్నలన్నీ విజ్ఞానశాస్త్ర గ్రంథాలయంలో జవాబు ఉన్నవే: ఆ ఆవిరి గాలిలో ఎంతసేపు నిలుస్తుంది, బావినీళ్లు తాగవచ్చునా, పెరటి కూరలు తినవచ్చునా, పసిపిల్లల మీద ప్రభావమేమిటి? స్టైరీన్ విషప్రభావం మీద అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ వెలువరించిన సమగ్ర నివేదిక ఉచితంగానే దొరుకుతుంది. కొరవడింది దాన్ని వెతికి, చదివి, నాలుగు పుటల్లో తెలుగులో పెట్టి ఊరివాళ్ల చేతికిచ్చే వ్యవస్థ. రసాయనశాస్త్ర, పర్యావరణ శాఖలూ తెలుగు శాఖా ఒకే ప్రాంగణంలో ఉన్న విశ్వవిద్యాలయ గ్రంథాలయం కంటే ఆ పనికి తగినవారు ఎవరు?

ఖాళీ అవుతున్న అరల మీద తీసుకునే నిర్ణయాలు ఈ దశాబ్దంలోనే జరుగుతాయి. అంతర్జాతీయ పత్రికల కట్టించిన సంపుటాలు దేశంలో అనేక విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి, వాటి పాత సంచికలు చాలావరకు ఎలక్ట్రానిక్ రూపంలోనూ ఉన్నాయి. చోటు కోసం వాటిలో కొన్నిటిని తొలగించడం తప్పు కాదు, కానీ చివరి ప్రతిని తొలగించడం తప్పు. బ్రిటన్‌లో 2007 నుంచి నడిచిన ఒక ఉమ్మడి పథకం, దేశంలో మూడు ప్రతులు భద్రంగా ఉన్నాయని తేలాకే మిగిలినవారు తమ సంపుటాలను వదులుకోవచ్చని నియమం పెట్టింది. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు కలిసి ఇలాంటి లెక్క ఒకటి వేసుకుని, రసాయనశాస్త్ర వరుసలను ఒకరు, గణిత వరుసలను ఇంకొకరు చొప్పున నిలుపుకోవచ్చు. ఆ లెక్క లేకుండా చేసే తొలగింపు ఎంత చక్కటి పేరుతో చేసినా విధ్వంసమే.

దీనికి పూర్తిగా భిన్నమైనది స్థానిక సేకరణ. 1950లలో వెలువడిన సముద్ర విజ్ఞాన సంపుటాలు, వాల్తేరు బీచి ఏయే నెలల్లో కోతకు గురై ఏయే నెలల్లో ఇసుక పోసుకుంటుందో కొలిచిన పట్టికలు, సి. మహదేవన్ కాలం నుంచి భూగర్భశాస్త్ర శాఖ చేసిన తూర్పుకనుమల పరిశీలనలు, శోధ్‌గంగకు ముందు నాటి సిద్ధాంత వ్యాసాలు, రేవు పూడికతీత నివేదికలు, ఉక్కు కర్మాగారం పరిసరాల నీటి, గాలి పరీక్షలు. వీటిలో ఏ ఒక్కటీ ఆరువేల కోట్ల చందాలో రాదు, ఎందుకంటే అమ్మేవాడు లేడు. విశాఖలోని ఆర్.కె. బీచి కోత మీద ఈరోజు పనిచేసే పరిశోధకుడికి డెబ్బై ఏళ్ల కిందటి ఆ కొలతలకు ప్రత్యామ్నాయం లేదు, గడిచిన కాలాన్ని మళ్లీ కొలవలేరు కదా. కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిన నాటి నుంచి 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాల దాకా తెలుగులో వచ్చిన విజ్ఞానశాస్త్ర పుస్తకాలను ఒక్కచోట చేర్చడం కూడా ఈ బాధ్యతలో భాగమే. తెలుగు మాధ్యమంలో చదివి పై చదువుకు వచ్చిన విద్యార్థికి అవి నేటికీ ఆసరా.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకి, విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చెట్లను కూల్చి, భవనాలను దెబ్బతీసి, నగరానికి రోజుల తరబడి కరెంటు లేకుండా చేసినప్పుడు అచ్చు, ఎలక్ట్రానిక్ సేకరణలు రెండింటి బలహీనతా బయటపడింది. పైకప్పు ఎగిరితే కాగితం తడుస్తుంది, కరెంటు పోతే తెర చీకటవుతుంది. తీరనగరంలో ఒక్కచోటే ఉన్న ఏకైక ప్రతి, అది ఏ రూపంలో ఉన్నా, భద్రం కాదు. స్థానిక గ్రంథాలను స్కాన్ చేసి, పదాలను వెతకగలిగేలా మార్చి, రచయిత, విషయం, ప్రదేశం, సంవత్సరం వంటి వివరాలు చేర్చి, ఒక ప్రతి ఇక్కడా ఒకటి తీరానికి దూరంగా ఇంకొక ఊళ్లోనూ ఉంచడానికి కావలసిన సాఫ్ట్‌వేరు ఉచితంగానే దొరుకుతుంది. దొరకనిది ఆ వివరాలు సరిగ్గా రాయగల, ఆ శాస్త్రం కొంత తెలిసిన మనిషి. 1935లోనే గ్రంథాలయశాస్త్రంలో డిప్లొమా ప్రారంభించిన విశ్వవిద్యాలయానికి అలాంటి మనుషులను తయారుచేసుకోవడం కొత్త కాదు. చందాల మీద మిగిలే సొమ్మును సాధారణ ఖాతాలో కలిపేయకుండా ఈ నియామకాలకూ భద్రతకూ కేటాయించడమే ఇప్పుడు విశ్వవిద్యాలయం తీసుకోవలసిన నిర్ణయం.

ఈ స్థానిక సేకరణలో చెప్పుకోదగ్గ భాగం గ్రంథాలయంలో లేకపోవచ్చు. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, ఎం.వి.పి. కాలనీ ఇళ్లలో పదవీ విరమణ చేసిన ఆచార్యుల అటకల మీద క్షేత్ర నోటుపుస్తకాలు, వ్యాసాల విడిప్రతులు, పటాలు, అచ్చుకాని కొలతలు పాతపెట్టెల్లో ఉండడం సహజం. ఇల్లు అమ్మేటప్పుడో ఖాళీ చేసేటప్పుడో అవి పాత పేపర్ల బండికెక్కుతాయి. అటువంటి కాగితాలు ఉన్న కుటుంబాలు వాటిని తూకానికి వేయకముందు ఒక్కసారి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి కబురు చేయాలి. కబురు అందగానే వెళ్లి తెచ్చుకునే మనిషినీ బండినీ సిద్ధంగా ఉంచడం గ్రంథాలయం వంతు.